బందరు - రేపల్లె రైలుమార్గము

1908లో బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరునకు రైలు వచ్చెను. 1916లో తెనాలినుండి రేపల్లెకు వచ్చెను. నాటినుండి నేటివరకు ఆ రెండు దారులును కృష్ణకు ఇరుదెసల ఆగియే యున్నవి. నడుమ దూరము సుమారు 45 కిలోమీటర్లు. ఆ నడుమనున్నదే దివిసీమ. పులిగడ్డ, పెనుమూడి వంతెనపై రోడ్డు నది దాటినది, రైలు దాటలేదు. అవనిగడ్డ రైతు రైలెక్కవలెనన్న ముందు బస్సెక్కి బందరుకో రేపల్లెకో చేరవలసినదే.

సర్వేలు జరిగినవి, మహజర్లు వెళ్లినవి. పట్టాలు మాత్రము రాలేదు. రాబడి చాలదను వాదము వినబడుచున్నది. ఖర్చునకు తగిన రాబడి చూచుట రైల్వేవారి ధర్మమే, కాదనము. కాని దివిసీమ టిక్కెట్ల సొమ్మొక్కటియే లెక్కకు వచ్చునా? 2023లో బందరు రేవు నిర్మాణము ఆరంభమైనది. ఆ రేవు సరకు రైలుమీద దక్షిణమునకు పోవలెనన్న గుడివాడ, బెజవాడలు చుట్టి తెనాలి చేరవలయును. ఈ మార్గ మేర్పడినచో ఆ చుట్టు తప్పును, బెజవాడపై భారము తగ్గును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకొన్న సీమకు ఆపత్కాలమున మరియొక దారి యుండుటయు లాభము క్రిందనే వ్రాయవలయును.

కావున ప్రభుత్వములను మేమడుగునవి మూడు: రేవు సరకును చేర్చి అంచనాను ప్రకటింపుడు, కేంద్ర, రాష్ట్రముల వాటాలు తేల్పుడు, పని యారంభించు సంవత్సరము చెప్పుడు. కృష్ణా, బాపట్ల జిల్లాల ప్రతినిధులు పక్షభేదములు మాని యొక్కగొంతుతో నడిగిననే ఇది నెరవేరును. వారిచే అడిగించుట ప్రజల పని.