బుట్టలో పడేవి తల్లి పురుగులు కావు

పత్తి చేలో లింగాకర్షక బుట్ట కట్టిన రైతును అడిగితే "రాత్రి పది తల్లి పురుగులు పడ్డాయి" అంటాడు. రెక్కల పురుగును తల్లి పురుగు అనడం మనకు అలవాటు. కానీ ఆ బుట్టలో తల్లి ఒక్కటీ ఉండదు. పడేవన్నీ మగవే. ఈ సంగతి విడమరచి చెప్పేవాళ్లు లేక ఏటా మనం మందులకు డబ్బు పోసి, పంటనూ పోగొట్టుకుంటున్నాం.

గులాబీ రంగు పురుగునే తీసుకుందాం. రాత్రివేళ ఆడ పురుగు తన ఒంటి నుంచి ఒక వాసన వదులుతుంది. అందులో రెండు రసాయనాలు ఇంచుమించు సమపాళ్లలో ఉంటాయి. మగ పురుగు మీసాలతో ఆ వాసన పట్టి, గాలికి ఎదురెగిరి ఆడదాన్ని చేరుతుంది. ఒక్కో జాతి పురుగుకు ఒక్కో వాసన. శనగపచ్చ పురుగు లూరు పెట్టి గులాబీ రంగు పురుగు కోసం చూస్తే ఫలితం ఉండదు. ఇలాంటి వాసనను మొట్టమొదట 1959లో జర్మనీ శాస్త్రవేత్త బుటెనాంట్ బృందం పట్టు పురుగులో గుర్తించింది. అందుకు సుమారు 5 లక్షల పురుగులు, ఇరవై ఏళ్ల శ్రమ పట్టాయి. గులాబీ రంగు పురుగు వాసన 1973లో తేలింది.

మన చేలో బుట్టలోని లూరు ఆ వాసనకు నకలే. బుట్ట ముఖ్యంగా నిఘా కోసం. ఒక్కో బుట్టలో రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే చర్యలు మొదలుపెట్టాలని శాస్త్రవేత్తలు చెబుతారు. బుట్ట నిండితే పురుగు పోయిందని సంబరపడకూడదు. అది హెచ్చరిక. ఒక్క మగ పురుగు ఎన్నో ఆడవాటితో జతకట్టగలదు. బుట్టకు చిక్కని కొద్దిపాటి మగవి చాలు. జతకట్టిన ఆడది వందకు పైగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు కాయలోకి దూరాక ఆ రంధ్రం పూడుకుపోతుంది. ఇక పైన ఎన్ని మందులు కొట్టినా లోపలికి చేరవు.

రెండో పద్ధతి ఈ జతను కలవనివ్వకపోవడం. వాసన నింపిన తాడు ముక్కల్లాంటివి మొక్కలకు కడతారు, లేదా ముద్దలాంటి పదార్థాన్ని మొక్కలకు పూస్తారు. చేనంతా ఒకే వాసన కమ్ముకుంటే ఆడది ఎక్కడుందో మగదానికి తెలియదు. అయితే ఒక్కరు రెండెకరాల్లో కట్టుకుంటే లాభం కొద్దే. పక్క చేలో జతకట్టిన ఆడది గట్టు దాటి ఎగిరొచ్చి గుడ్లు పెడుతుంది. దానికి పట్టా హద్దులు తెలియవు.

బీటీ విత్తనం వచ్చినప్పుడు ఇక కాయతొలుచు పురుగుల బెడద ఉండదన్నారు. 2002లో ఒక జన్యువు, 2006లో రెండు జన్యువులు. గులాబీ రంగు పురుగు రెండింటినీ తట్టుకుంది. అమెరికాలో ఇదే పురుగును నిర్మూలించామని 2018లో ప్రకటించారు. అక్కడ విత్తనం ఒక్కదాన్నే నమ్ముకోలేదు. బీటీతోపాటు జతను తప్పుదోవ పట్టించే ఈ వాసనలు, గొడ్డు పురుగుల విడుదల, పంట మోళ్ల తొలగింపు అన్నీ కలిపి, ప్రాంతం మొత్తం ఒక్కటిగా ఏళ్ల తరబడి చేశారు. మన దగ్గర మాత్రం రైతు ఒంటరిగా మందుల దుకాణం ముందు నిలబడుతున్నాడు.

అందుకే మా మాట ఒక్కటే: ఈ పని ఊరు యూనిట్‌గా జరగాలి. బుట్టలు, లూర్లు, తాళ్లు పూత దశకు ముందే ఊరందరికీ ఒకేసారి రాయితీపై అందాలి. పాసు పుస్తకం లేదని కౌలు రైతును పక్కన పెడితే అతని చేనే పురుగుకు అడ్డా అవుతుంది, పట్టాదారు చేనూ దెబ్బతింటుంది. లూర్లను ప్రభుత్వమే పరీక్షించాలి. ఎండకు కాగే గోదాముల్లో పడి ఉన్న పాత లూరు బుట్టలో ఉన్నా లేనట్టే. దాన్ని నమ్మి పురుగు లేదనుకున్న రైతు నిండా మునుగుతాడు. జిన్నింగ్ మిల్లుల్లోనూ బుట్టలు కట్టించాలి, గింజల్లో దాగిన పురుగు అక్కడి నుంచే మళ్లీ చేలకు చేరుతుంది.

మన వంతూ ఉంది. లూరు కొనేటప్పుడు ఏ పురుగుదో, ఎప్పుడు తయారైందో చూడాలి, గడువుకు మార్చాలి. బుట్ట లెక్క రాసుకుని సంఘం సమావేశంలో చెప్పుకోవాలి. చివరి తీతల ఆశతో పత్తిని వేసవి దాకా ఉంచకుండా, మోళ్లు ఊరంతా ఒకేసారి తీసేయాలి. పురుగు ఎవరి చేనని చూడకుండా వస్తోంది. మనమూ గట్లు మరిచి కలిస్తేనే దాన్ని ఆపగలం.