ఆర్థికావలోకనం: ఇళ్ల ధరలకు అట్టడుగు ఎక్కడ?

పదవీ విరమణకు మూడు నాలుగేళ్ల దూరంలో ఉన్న సహోద్యోగులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి కలదు. ఇళ్ల ధరలు తగ్గుతున్నవన్న వార్త వచ్చినప్పుడల్లా అది మరింత బలంగా వినవస్తుంది: “ఇప్పుడు కొనవచ్చునా, లేక ఇంకా తగ్గునా?” టౌన్‌షిప్ క్వార్టరులో ముప్పయి ఏళ్లు గడిపిన వారికి ఇది కాలక్షేపపు చర్చ కాదు. క్వార్టరు ఖాళీ చేయవలసిన తేదీ ముందే నిర్ణయమై ఉన్నది. భవిష్యనిధి, గ్రాట్యుటీ రూపంలో చేతికందే మొత్తం జీవితంలో ఒకసారే వస్తుంది. ఆ ధనంతో ఇల్లు కొన్న మరుసటి ఏడాదే ధర మరో ఇరవై శాతం పడిపోతే, ఆ లోటును పూడ్చుకొనుటకు ఉద్యోగకాలం మిగిలి ఉండదు. కనుక ధరల అట్టడుగును ముందుగా గుర్తించుట సాధ్యమా అన్న విషయాన్ని ఈ మాసం పరిశీలిద్దాము.

ఈ వివాదం అత్యంత తీవ్రంగా సాగినది 2009లో అమెరికాలో. అక్కడ ఇళ్ల ధరలు 2006 మధ్యలో శిఖరాన్ని తాకి, తరువాత పతనం కాసాగినవి. 2009 వేసవిలో కేస్-షిల్లర్ సూచిక కొద్దిగా పైకి తిరిగినది. ధరలు ఎంతో తగ్గినవి, వడ్డీ తక్కువగా ఉన్నది, కొనుగోలుదారులు తిరిగి వస్తున్నారు, కనుక ఇదే అట్టడుగు అని ఒక పక్షం వాదించినది. అమ్ముడుపోని ఇళ్లు కుప్పలుగా ఉన్నవి, బ్యాంకులు స్వాధీనం చేసుకొనబోయే ఇళ్లు ఇంకా అంగడికి రానేలేదు, కనుక పతనం ముగియలేదని రెండవ పక్షం బదులు చెప్పినది.

ఏమి జరిగినదో ఇప్పుడు మనకు తెలుసు. తొలిసారి ఇల్లు కొనేవారికి ఆనాటి ప్రభుత్వం 8,000 డాలర్ల వరకు పన్ను రాయితీ ఇచ్చినది. 2010 ఏప్రిల్ చివరితో ఆ రాయితీకి గడువు ముగియగానే కొనుగోళ్లు కుప్పకూలినవి. అదే ఏడాది జూలై నాటికి అమ్మకానికి ఉన్న పాత ఇళ్ల నిల్వ సుమారు 12 నెలల అమ్మకాలకు సమానమైనది. ధరలు మరల దిగజారి, నిజమైన అట్టడుగును 2012 ఆరంభంలో చేరినవి. ఆ ఏడాది చివరికి నిల్వ 5 నెలల లోపునకు తగ్గినది. జాతీయ సూచిక 2006 నాటి శిఖరాన్ని తిరిగి అందుకొనుటకు 2016 వరకు పట్టినది.

జపాను అనుభవం ఇంతకంటె కఠినమైనది. అక్కడి కేంద్ర బ్యాంకు తన వడ్డీ రేటును 1989లో 2.5 శాతం నుండి పెంచుతూ 1990 ఆగస్టు నాటికి 6 శాతానికి చేర్చినది. 1991లో భూముల ధరలు శిఖరాన్ని దాటినవి. 1992 మొదలు వరుసగా 15 ఏళ్లు ప్రభుత్వ భూధరల జాతీయ సగటు తగ్గుతూనే వచ్చినది. 2007లో తొలిసారి స్వల్పంగా పెరిగినది. 2008లోనూ పెరిగి, 2009లో మరల తగ్గినది. ఆ పదిహేనేళ్లలో ప్రతి సంవత్సరమూ “ఇక ఇదే చివర” అని నమ్మి కొన్నవారు ఎందరో ఉండి ఉంటారు.

బంకమట్టి నేలపై లేచిన కట్టడం కుంగుదలను కొలిచే ఇంజనీరు, ఒక వారం రీడింగు మారలేదని కుంగుట ఆగినదని నివేదిక వ్రాయడు. మట్టి పొరలలోని నీటి పీడనం తగ్గినదా లేదా అని చూస్తాడు. ఇళ్ల విషయంలో ఆ పీడనం అమ్ముడుపోని ఇళ్ల నిల్వయే. ధర ఒకటి రెండు త్రైమాసికాలు నిలకడగా ఉన్నదనుట సాక్ష్యం కాదు. ముందుగా అమ్మకాల సంఖ్య పెరగాలి, తరువాత నిల్వ కరగాలి, ఆ పిమ్మట ధర తిరగాలి. ఈ క్రమం లేకుండా ధర ఒక్కటే పైకి కదిలితే, దాని వెనుక రాయితీ వంటి తాత్కాలిక ఆధారం ఏదైనా ఉన్నదేమో అని అనుమానించుట మంచిది.

మన దేశంలో పతనం వేరొక రూపం ధరిస్తుంది. ఇక్కడ ప్రకటిత ధర తగ్గుట అరుదు, కదలకుండా నిలిచిపోవుటే సర్వసాధారణం. 2008 నాటి అంతర్జాతీయ సంక్షోభం, 2009 జనవరిలో బయటపడిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారం, అటుపై 2014 జూన్ వరకు సాగిన రాష్ట్ర విభజన అనిశ్చితి కారణంగా హైదరాబాదులో ఇళ్ల ధరలు కొన్నేళ్లు స్తబ్దుగా ఉండిపోయినవి. “తగ్గలేదు కదా” అని యజమానులు సంతోషించి ఉండవచ్చును. కాని ఇతర వస్తువుల ధరలు ఏటా 8 శాతం పెరుగుతుండగా, 50 లక్షల ఇల్లు ఐదేళ్లు అదే ధరలో నిలిచిపోతే, దాని నిజవిలువ సుమారు 34 లక్షలకు దిగినట్లే. అంటే మూడవ వంతు పతనం, ఎవరికీ కనబడకుండా జరిగిపోయినది.

ఇక వేచి ఉండుటకు అయ్యే ఖర్చును లెక్కించుదాము. “ఆలస్యం చేస్తే అద్దె దండుగ” అని బ్రోకర్లు చెబుతుంటారు. 50 లక్షల ఫ్లాటుకు నెలకు 12,500 రూపాయల అద్దె అనుకుంటే, ఏడాదికి లక్షన్నర, అనగా ధరలో 3 శాతం. అదే 50 లక్షలు 7 శాతం వడ్డీపై డిపాజిట్టులో ఉంటే మూడున్నర లక్షలు వస్తుంది. పన్ను మాట అటుంచితే, అద్దె చెల్లించిన తరువాత కూడా రెండు లక్షలు మిగులుతుంది. ఇంటి ధర ఏటా 4 శాతం కంటె అధికంగా పెరిగితేనే వేచి ఉన్నవాడు నష్టపోతాడు. ధరలు స్తబ్దుగా ఉన్న కాలంలో తొందరపడవలసిన అగత్యం లేదని ఈ లెక్క చెబుతున్నది. తమ ప్రాంతపు అద్దె, వడ్డీ అంకెలను వేసుకొని పాఠకులు స్వయంగా సరిచూసుకొనవచ్చును.

అయితే అట్టడుగుకు కొంత పైన కొన్నవారందరూ నష్టపోయిరా? లేదు. అమెరికాలో సంక్షోభం ముదిరిన దినాలలో రుణం ఉన్న ఇళ్లలో సుమారు నాలుగవ వంతు ఇళ్ల విలువ, తీర్చవలసిన అప్పు కంటె తక్కువగా ఉండినది. హాంగ్‌కాంగ్‌లో 1997 నుండి 2003 వరకు ధరలు అరవై శాతానికి పైగా పడిపోయి, లక్షకు పైగా గృహరుణాలు అదే స్థితికి చేరినవి. వారిలో వాయిదాలు చెల్లించగలిగి అదే ఇంట నివసించినవారు నిలబడిరి. ఉద్యోగం పోయి, అమ్మక తప్పని వారే చితికిపోయిరి. 10 లక్షల సొంత సొమ్ము, 40 లక్షల అప్పుతో కొన్న ఇంటి ధర 20 శాతం పడితే సొంత సొమ్ము పూర్తిగా హరించుకుపోతుంది. అయినను ఆ నష్టం అమ్మిననాడే చేతికి వస్తుంది.

కనుక ఆరంభంలో చెప్పిన ప్రశ్ననే మార్చుకొనవలెనని మా అభిప్రాయం. అట్టడుగు గడచిపోయిన తరువాతనే తెలిసే విషయం. “ఇంకొక పాతిక శాతం ధర తగ్గినా ఈ ఇంటిని పదేళ్లు అమ్మకుండా ఉండగలనా?” అన్నదే కొనేవాడు వేసుకొనవలసిన ప్రశ్న. విరమణ నాటికి అప్పు మిగలకుండా, వైద్యానికీ పిల్లల అవసరాలకూ వేరుగా నిధి ఉంచుకొని, నివాసానికి తగిన ఇల్లు దొరికితే కొనుటకు సంకోచించనక్కరలేదు. విరమణ ధనమంతా ఒకే ఫ్లాటులో పోయవలసి వస్తున్నదంటే, ధర అట్టడుగున ఉన్నదని అందరూ చెప్పినా, కొంతకాలం అద్దె ఇంట ఉండుటలో చిన్నతనమేమీ లేదు.