‘పాకింది’ అంటే ఖతం కాదు



మా ఖాలా కొడుక్కి మోకాలి దగ్గర ఎముక కేన్సర్. కీమో, ఆపరేషన్ అయ్యాయి. ఏడాది తిరక్కుండానే స్కాన్‌లో ఊపిరితిత్తి మీద రెండు మచ్చలు కనిపించాయి. విజయనగరంలో ఖాలా వాళ్లింట్లో ఆ రాత్రి దస్తర్‌ఖాన్ పరవలేదు.

“పాకిందంటే ఖతమే. ఇంటి దగ్గరే ఉంచుకుని దువా చేద్దాం” అన్నారు ఖాలూ. దువా వద్దని నేనెలా అంటాను? దవా ఎందుకు ఆపాలన్నదే నా సవాల్.

మర్నాడు ఇంకో బంధువు ఫోన్‌లో వీడియో చూపించాడు. “ఊపిరితిత్తిలోకే కీమో పంపుతారట, ఇల్లమ్మైనా చేయించండి” అన్నాడు. నాఉమ్మీదీ ఒక వైపు, తొందర ఒక వైపు. రెంటి మధ్యా హఖీఖత్ ఉంది.

ఆ వీడియోలోది ఝూట్ కాదు. నరంలోంచి ఇచ్చే కీమో ఒళ్లంతా తిరుగుతుంది, అందుకే డోసుకు హద్దు. డాక్సోరూబిసిన్ మోతాదు మించితే గుండె దెబ్బతింటుంది. అందుకని సర్జన్లు ఒక ఊపిరితిత్తి రక్తనాళాలను కాసేపు బిగించి, మందును అందులో మాత్రమే తిప్పి, కడిగేసి, మళ్లీ రక్తం వదులుతారు. కనిపించే గడ్డల్ని కత్తి తీస్తుంది. కంటికి కనిపించని కణాల కోసం ఆ మందు. 1983లో ప్రపంచంలోనే తొలి సఫలమైన ఊపిరితిత్తి మార్పిడి చేసిన టొరంటో జనరల్ హాస్పిటల్‌లో ఈ పద్ధతిని మరీజులపై పరీక్షించారు. అయితే ఆ మందు ఊపిరితిత్తినే గాయపరచవచ్చు. ఇది ఇంకా పరిశోధనే, దీనికోసం ఇల్లు అమ్ముకోకండి.

కానీ మచ్చల్ని ఆపరేషన్‌తో తీసేయడం కొత్త సంగతి కాదు. ఎముక కేన్సర్‌లో, పెద్దపేగు కేన్సర్‌లో కొందరికి చేస్తూనే ఉన్నారు. డాక్టర్లు చూసేవి నాలుగు: మొదటి కేన్సర్ అదుపులో ఉందా, ఇంకెక్కడైనా పాకిందా, మచ్చలన్నీ తీయడానికి వీలవుతుందా, మిగిలే ఊపిరితిత్తి శ్వాసకు చాలుతుందా.

ఈ నాలుగూ అడగడం మన హక్. ఇచ్ఛాపురం నుంచైనా, సాలూరు నుంచైనా టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ హాస్పిటల్‌కి రావాలంటే విశాఖలోని అగనంపూడి చేరాలి. మరీజ్‌కి ఆ సఫర్ కష్టమే. అందుకే పాత స్కాన్లు, బయాప్సీ రిపోర్టులు, కీమో కాగితాలు, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు అన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. “ఆపరేషన్ కుదరదు” అంటే ఎందుకు కుదరదో అడగండి. ఆ జవాబు విన్నాక ఇంటికి తెచ్చుకుంటే అది సబ్ర్. అడక్కుండా తెచ్చుకుంటే దాన్ని తవక్కుల్ అనలేం.

మా వాడికి ఆ రెండు మచ్చలూ తీసేశారు. ఇప్పుడు మూడు నెలలకోసారి స్కాన్. రేపటి సంగతి అల్లాహ్‌కే ఎరుక. నిన్న మాత్రం ఖాలా ఇంట్లో వాడితో కూర్చుని ఖానా తిన్నాను.