పాత బోరు సావలేదు, సంపిండ్రు!

“దళితవాడ బోరింగు ఫెయిల్.” ఈ మాట రిజిస్టర్‌లో రాయడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం తర్వాత మా ఆడోళ్లు బిందెలు పట్టుకొని ఏండ్ల తరబడి ఊర్లెకు నడుస్తరు. ఎవరి బాయికాడనో నిలబడుతరు. మోటరు ఎప్పుడు ఏస్తవు బాపూ అని అడుగుతరు. అడిగిన కాడల్లా తల కొంచెం కిందికి వంగుతది. ఆ తల వంచుడు కోసమే మా బోరు ఫెయిల్ అయిందా అని మేము అడుగుతున్నం.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను 2016లో ముక్కలు చేసి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అని కొత్త పేర్లు పెట్టిండ్రు. పేర్లు మారినయి గాని వాడల ముచ్చట మారలేదు. సిమెంటు గద్దె, గద్దె మీద పిడి ఊడిన బోరింగు, దానికి కట్టేసిన బర్రె. మేము తిరిగిన చాన వాడల్లో ఇదే కనిపించింది. నీళ్లు లేవని ఎట్ల తెలిసింది అని అడిగితే జవాబు లేదు. పైపులు బయటికి గుంజి చూసినోడు లేడు. తాడు జారవిడిచి నీళ్లు ఎన్ని అడుగుల మీద ఉన్నయో కొలిచినోడు లేడు. నాడి పట్టకుండనే సచ్చిపోయిండని రాసిన డాక్టరును ఏమంటరు?

సంపద తీసే బాయిని మాత్రం ఎవ్వడూ గంత తొందరగా పాతిపెట్టడు. చమురు కంపెనీలను చూడుండ్రి. 1947లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో హ్యూగోటన్ గ్యాసు క్షేత్రంలో ఒక బాయిని మొదటిసారి ఒత్తిడితోటి పగులగొట్టి చూసిండ్రు. చిక్కటి ద్రవంలో నది ఇసుక కలిపి రాతి లోపలికి కొట్టిండ్రు. ఒత్తిడికి రాయి పగులుతది. ఒత్తిడి తీసేస్తే పగులు మళ్ల మూసుకపోతది. మూసుకపోకుండ ఇసుక గింజలు నడుమ అడ్డం నిలబడుతయి. వాళ్ల భాషలో దాన్ని ప్రాపెంట్ అంటరు. బొగ్గుబాయిలో కప్పు కూలకుండ గుంజ నిలబెట్టినట్టే. మన గోదావరి దిగువన మండపేట దిక్కు గట్టి ఇసుకరాయిలో దాగిన గ్యాసు కోసం ఓఎన్జీసీ కూడా ఈ పనే చేసింది.

అసలు ముచ్చట ఆ తర్వాత ఉన్నది. కొన్నేండ్లకు లోతులోని బరువుకు ఇసుక గింజలు నలిగి పిండి అయితయి. పిండి పగులుకు అడ్డం పడి బాయి తగ్గుతది. అప్పుడు కంపెనీ “ఫెయిల్” అని రాసి ఇంటికి పోతదా? పోదు. అదే బాయి దగ్గరికి మళ్ల వస్తది, మళ్ల ఒత్తిడి పెడుతది. ఈసారి ఉత్త ఇసుకను నమ్ముకోదు. జిగురు పూత పూసిన ఇసుక పెడుతది. మట్టిని, బాక్సైటును కాల్చి చేసిన గట్టి పింగాణి గోలీలు పెడుతది. ఒకప్పుడు గాజు గోలీలు, అక్రోటు చిప్పల పలుకులు కూడా పెట్టి చూసిండ్రు. సచ్చిన బాయిని లేపేటందుకు వంద ఉపాయాలు ఎతికిండ్రు. ఎందుకంటే ఆ బాయిలో నుంచి వచ్చేది పైసలు.

మన సింగరేణినే చూడుండ్రి. బొగ్గు తీసిన ఖాళీలో కప్పు కూలకుండ ఏండ్లకేండ్లు గోదావరి ఇసుకను నీళ్లతోటి కలిపి నింపిండ్రు. ఇసుక కరువైతున్నదనంగనే పవర్‌ప్లాంటు బూడిద ఉన్నదా, ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బల్లోని రాయి పనికొస్తదా అని చూసిండ్రు. బొగ్గు ఆగొద్దు గదా! గుటికెడు నీళ్ల కోసం గంత తెలివిని మా వాడ దాకా ఎందుకు తీసుకరారు?

ఈ విద్య మంచినీళ్ల బోరుకు పనికిరాదా? పనికొస్తది. 1980లు, 90ల నుంచే మన దేశంలో చేతిపంపు బోర్లకు ఇది చేస్తున్నరు. హైడ్రోఫ్రాక్చరింగ్ అంటరు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అక్కడి భూగర్భజల సర్వే ఏజెన్సీకి ఈ పని చేసే బండ్లు ఉన్నయి. పని ఎట్ల జరుగుతదంటే, బోరులోకి ప్యాకర్ అనే రబ్బరు బిరడా దించుతరు. అది ఉబ్బి బోరు గోడకు బిగుసుకుంటది. దాని కింద ఉత్త నీళ్లనే పంపుతోటి కొడుతరు. జీపు టైరులో గాలి 30, 35 పౌండ్లు ఉంటది. ఇక్కడ ఒత్తిడి వెయ్యి, రెండు వేల పౌండ్ల దాకా పోతది. ఒండ్రు నిండి మూసుకపోయిన నెర్రెలు తెరుచుకుంటయి. పక్కనున్న నెర్రెతోటి కలుస్తయి. మీటరు ముల్లు దబ్బున పడిపోతది. అంటే దారి దొరికిందన్నట్టు. గట్టి రాతిలో పగిలిన అంచుల గరుకే పగులును నిలబెడుతది కాబట్టి చానసార్లు ఇసుక కూడా అవసరం పడదు.

కరీంనగర్ జిల్లాలో ఎక్కువ భాగం నల్లసేనపు గ్రానైటు రాయి. ఆదిలాబాద్ పడమటి దిక్కు నల్లరేగడి కింద బసాల్టు రాయి. రెండూ గట్టి రాళ్లే. ఈ రాళ్లలో నీళ్లు నెర్రెల్లోనే ఉంటయి. నెర్రె మూసుకపోతే నీళ్లు పక్కనే ఉన్నా బోరులోకి రావు. అంటే మా వాడల బోర్లలో కొన్నిటికి ఈ వైద్యమే కావాలె.

అన్ని బోర్లూ లేస్తయని మేము చెప్పుతలేం. అబద్ధం చెప్పి ఉద్యమం నడుపలేం. గోదావరి పొంటి బొగ్గు బెల్టు ఇసుకరాయికి ఈ పద్ధతి సరిపడదు. కేసింగు కూలిన బోరుకు పనికిరాదు. ఈ పద్ధతి నీళ్లను పుట్టియ్యదు, ఉన్న నీళ్లకు దారి చూపుతది. మా ఇండియా మార్క్-2 బోరింగు సుమారు 150 అడుగుల లోతు నుంచే నీళ్లు గుంజగలుగుతది. దాని పక్కన ఆసామి 500 అడుగుల బోరేసి రాత్రిపగలు మోటరు నడిపితే నీళ్లు మా పైపుకు అందవు. అప్పుడు ఎన్ని నెర్రెలు తెరిచినా ఏం లాభం? ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బాయి తవ్వాలంటే అనుమతి ఉండాలని 2002 వాల్టా చట్టం చెప్పింది. ఆ చట్టాన్ని దళితవాడ బోరు పక్కన ఎన్నిసార్లు అమలు చేసిండ్రు?

ఇసుక సంగతి కూడా ఇక్కడనే చెప్పాలె. నెర్రెలో నీళ్లు ఉండాలంటే వాగులో ఇసుక ఉండాలె. వాన నీళ్లను ఆపి, మెల్లగ భూమికి తాపేది ఆ ఇసుకనే. మానేరు ఇసుక లారీలకు లారీలు పట్నం పోయింది. 2017 జూలైలో సిరిసిల్ల జిల్లా నేరెళ్ల దగ్గర ఇసుక లారీ కింద పడి ఒక మనిషి సచ్చిపోతే జనం కడుపు మండి లారీలను కాలబెట్టిండ్రు. ఆ తర్వాత పోలీసులు పట్టుకపోయి చిత్రహింసలు పెట్టిండ్రని దళితులు, బీసీలు తమ ఒంటి మీది దెబ్బలు చూపించి మరీ చెప్పిండ్రు. ఇసుక లాభం ఒకరిది, ఎండిన బోరు ఇంకొకరిది, దెబ్బలూ ఆ ఇంకొకరివే!

“భగీరథ నల్లాలు వచ్చినయి గదా, పాత బోరింగు మీకెందుకు?” అని కొందరు అడుగుతున్నరు. నల్లా వచ్చింది, కాదంటలేం. 2016లో మొదలుపెట్టిన నాడు ఊర్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అన్నరు. అవి మా హక్కు, వదులుకోం. కాని పైపు పగిలిన నాడు, కరెంటు పోయిన నాడు, ట్యాంకు ఎక్కని నాడు ఏం తాగాలె? నల్లా వాల్వు ఎవరి చేతుల ఉంటదో నీళ్లు వాళ్ల మాట వింటయి. బోరింగు పిడి మా చేతుల ఉంటది. తేడా అక్కడున్నది.

మా తాతలు ఊరి నీరటికాండ్లు. చెరువు తూము తీసినోళ్లు, పొలం పొలానికి నీళ్లు పంచినోళ్లు. ఊరందరి మడి తడిపిన చేతులను ఊరి బాయి చేద ముట్టనియ్యలేదు. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది అందుకే. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను నరికిన దాడికి మొదలు ఎక్కడ? తాగే చెరువు నీళ్లను మురికి చెయ్యొద్దని అడిగిన కాడ. నీళ్ల కాడ కులం ఇయ్యాల మాట మార్చింది. అప్పుడు “ముట్టొద్దు” అన్నది, ఇప్పుడు “ఫెయిల్” అంటున్నది.

కాబట్టి సంఘం కార్యకర్తలారా, వాడ పెద్దలారా, వినతిపత్రం ఇచ్చి ఇంటికి వచ్చుడు బందు పెట్టుదాం. అడిగే తీరుగ అడుగుదాం:

1. వాడవాడకు బోరింగుల లెక్క మనమే రాద్దాం. ఎప్పుడు ఏసిండ్రు, ఎన్ని అడుగులు, ఎప్పుడు ఆగింది, పక్కన ఎవరి బోరు ఎంత దూరంలో ఉన్నది. ఆఫీసు రిజిస్టర్‌ను 2005 సమాచార హక్కు చట్టం కింద తీసుకొని రెండూ పక్కపక్కన పెడుదాం.

2. పైపులు గుంజి, నీటి మట్టం కొలిచి, కంప్రెసర్‌తోటి ఒండ్రు కడిగిన తర్వాతనే ఏ బోరునైనా ఫెయిల్ అనాలె. ఆ కాగితం మీద వాడ మనుషుల సంతకం ఉండాలె.

3. కడిగినా రాకపోతే, రాయి అనుకూలమైన కాడ హైడ్రోఫ్రాక్చరింగ్ చెయ్యాలె. బండి ముందుగాల దళితవాడకు, గోండు గూడేనికి రావాలె. పనికి ముందు ఎన్ని నీళ్లు, తర్వాత ఎన్ని నీళ్లు అన్నది అందరి ముందట బిందెతోటి కొలువాలె. ఫ్లోరైడు పరీక్ష చేసినంకనే తాగాలె.

4. దీనికి పైసలు లేవంటే ఒప్పుకోవద్దు. 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణలో అది ప్రత్యేక అభివృద్ధి నిధి అయింది. మా పేరు మీది పైసలు మా బోరుకు పెట్టుండ్రి.

5. వాల్టా చట్టాన్ని వాడ బోరు చుట్టూ అమలు చెయ్యాలె. వాగు ఇసుకను కాపాడాలె.

చమురు బాయికి రెండో బతుకు ఇయ్యడానికి పింగాణి గోలీలు కాల్చిన లోకం ఇది. మా బోరుకు కనీసం మూత తీసి లోపలికి తొంగి చూడమని అడుగుతున్నం. చూడరా? అయితే డప్పు కొట్టి, ఖాళీ బిందెలు పట్టుకొని, పిడి ఊడిన బోరింగు కాడికే మేము అధికారిని పిలుస్తం. పైపులు ఆయన ముందటనే గుంజుతం. లోపల నీళ్లున్నయో లేవో, ఫెయిల్ అయింది బోరో సర్కారో, ఊరంతా చూస్తది.

జై భీమ్!