జుర్మానా లేని కమిటీ కావాలి

పెర్కిట్, మామిడిపల్లి ఇప్పుడు ఆర్మూర్ మున్సిపాలిటీలో భాగం. నిన్నమొన్నటిదాకా పసుపు, మక్క పండిన భూముల్లో ముందు హద్దురాళ్లు, వెనకే డాబాలు లేచాయి. పిల్లల చదువుల కోసం ఊళ్లు వదిలిన రైతులు కట్టినవి కొన్ని, గల్ఫ్ పైసలతో లేచినవి కొన్ని. ఇళ్లు ముచ్చటగానే ఉన్నాయి. పక్కింట్లో ఉండేదెవరని అడిగితే జవాబు చెప్పేవాళ్లే తక్కువ.

ఈ కాలనీలను వాన పడ్డరోజు చూడాలి. వెనక కట్టినాయన ముందు కట్టినాయన కంటే రెండడుగులు ఎత్తు బేస్‌మెంట్ లేపుతాడు, మోరీ మీద సిమెంటు ర్యాంపు పోస్తాడు. ఆగిన నీళ్లు పక్కింటి గేటు కిందినుంచి వాకిట్లోకి పారుతాయి. ఆయనా మరుసటి ఏడు ర్యాంపు పోస్తాడు. ఇక వంతు మూడో ఇంటిది. గల్లీ చివరిదాకా ఇదే వరస, నోరు విప్పి మాట్లాడుకున్నది లేదు. వీళ్లే ఊళ్లో ఉన్నప్పుడు ఎట్లుండేవారు? ఉడకబెట్టిన పసుపు కళ్లంలో ఎండుతుండగా మబ్బు పట్టిందంటే, కుప్ప ఎవరిదని చూడకుండా తలా ఓ అంచు పట్టి టార్పాలిన్ కప్పేవారు. తడిస్తే కొమ్ము రంగు పోతుంది, రంగు పోతే నిజామాబాద్ యార్డులో ధర రాదు. వాళ్లేం చెడిపోలేదు. కాలనీలో ఉమ్మడి పనిని నెత్తినేసుకునే దిక్కు లేదంతే.

ఊళ్లో ఆ దిక్కు వీడీసీ, అంటే గ్రామాభివృద్ధి కమిటీ. విత్తనాలకూ నాటుకోడి కూరకూ పేరుమోసిన అంకాపూర్ కథ చెప్పేవాళ్లు అక్కడి కమిటీ పేరు ఎత్తకుండా ఉండరు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న ధరల కోసం నిజామాబాద్ బరిలో 178 మంది రైతులు దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది కావడంతో ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. పదిమంది కూర్చుని మాట్లాడుకునే అలవాటు లేని చోట అది అయ్యే పనేనా?

అయితే ఈ వీడీసీలకు చట్టంలో చోటు లేదు. ఎన్నికైన పంచాయతీ ఉండగానే బెల్టు షాపుకు వేలం పెట్టినవీ, జుర్మానాలు వేసినవీ, ఎదురుతిరిగిన కుటుంబంతో మాట్లాడొద్దు, కిరాణా సామాను ఇవ్వొద్దని కట్టడి చేసినవీ ఉన్నాయి. కులాలకు కులాలనే వెలేసిన సంగతులు పేపర్లకెక్కాయి. ఇది అభివృద్ధి కాదు, దౌర్జన్యం. పక్కనున్న మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద ప్రత్యేక చట్టమే చేసుకుంది. మనకూ అలాంటిది కావాలి.

వీడీసీ పీడ వదిలింది, ఇక్కడ ఎవరి గోల వారిదే అని సంబరపడే కాలనీవాసులున్నారు. సగం ఒప్పుకుంటాను. కానీ కొడుకు దుబాయ్‌లో ఉండి, కోడలొక్కతే ముసలి అత్తమామలను చూసుకునే ఇంట్లో అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎవరి తలుపు కొట్టాలి?

కాలనీ సంఘం లేదా అంటే, ఉంది. వినాయక చవితికి లేస్తుంది, నిమజ్జనంతో పడుకుంటుంది. డీజేకు ఎంత పోయిందో అడగడం మర్యాద కాదనుకుంటాం. అడగాలి. నెలకోసారి అందరి ముందు జమాఖర్చు చదవాలి. ఏడుగురు కలిస్తే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. చందా ఇవ్వనివాడి ఇంటిముందు మోరీ కూడా తీయాలి. కిరాయికున్నవాళ్లకూ, ఆడవాళ్లకూ మీటింగులో కుర్చీ వెయ్యాలి. ర్యాంపులు పగలగొట్టాల్సి వస్తే అధ్యక్షుడి ఇంటినుంచి మొదలుపెట్టడం మంచిది.

ఇంకో సంగతి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కోదాంట్లో 15 మంది ఉండాలి. మీ వార్డులో వాళ్లెవరో మున్సిపల్ ఆఫీసుకు పోయి అడగండి. కిందటిసారి ఎప్పుడు కూర్చున్నారో కూడా అడగండి.