ఆటిజం పిల్లలకు వైద్య నిరాకరణను ఖండిస్తున్నాము

అమ్రాబాద్: ఆటిజం ఉన్న పిల్లలకు సాధారణ చికిత్సను సైతం నిరాకరిస్తూ, వారి తల్లిదండ్రుల నిస్సహాయతను సొమ్ము చేసుకుంటున్న కొన్ని వైద్యకేంద్రాల ధోరణిని మా తల్లిదండ్రుల సంఘం తీవ్రంగా ఖండిస్తున్నది. ప్రజలు ఈ అన్యాయానికి సాక్షులుగా నిలవాలి.

మాటరాని బిడ్డ తన నొప్పిని అరుపుతోనే చెబుతాడు. తీక్షణమైన వెలుగు, యంత్రాల శబ్దం, అపరిచిత స్పర్శ అతనికి దుర్భరం. ఆ అరుపునే సాకుగా చూపి పంటినొప్పితో వచ్చిన బిడ్డను తిప్పి పంపడం, చెవిపోటును సైతం పరీక్షించకుండానే 'ఆటిజం లక్షణమే' అని తేల్చడం నిస్సందేహంగా వివక్ష.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో ఆటిజాన్ని చేర్చింది. దాని 25వ సెక్షన్ ప్రకారం వైద్యంలో వీరికి ప్రాధాన్యం ఇవ్వాలి. మా పిల్లలకు దక్కుతున్నది వరుసలో చివరి స్థానం కూడా కాదు, గుమ్మం అవతలి స్థానం.

'మగపిల్లలకు మాటలు ఆలస్యమే', 'వస పొయ్యండి, మాటలు అవే వస్తయ్' అని ఊళ్లో పెద్దలు ప్రేమతో అంటారు. వారిని తప్పుపట్టము. వైద్యుడే ఆ మాట అనడం క్షమార్హం కాదు. ఏడాది నిండినా పేరుకు పలకకపోతే, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోతే వెంటనే పరీక్ష అవసరం. ఆ వయసులో పోయిన నెలలు తిరిగి రావు.

తల్లి పెంపకమే కారణమనే నిందను పూర్తిగా తిరస్కరిస్తున్నాము. ఆటిజం మెదడు వికాసానికి సంబంధించినది.

అన్నింటికన్నా ఘోరం మూలకణ చికిత్స పేరిట జరిగే వ్యాపారం. ఆటిజానికి దాన్ని సూచించడం, ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన నైతిక మండలి 2022 డిసెంబరులోనే స్పష్టం చేసింది. అయినా నయం చేస్తామన్న ఆశ చూపితే పొలం అమ్మడానికైనా తల్లిదండ్రులు వెనుకాడరు. ఆ బలహీనత ఎరిగి చేసే దోపిడి ఇది.

స్పీచ్ థెరపీ ఒక్కరోజుతో తీరేది కాదు. వారం వారం, ఏళ్ల తరబడి సాగాలి. నల్లమల పెంటల్లోని (అడవి గూడేల్లోని) చెంచు తల్లికి థెరపీ కోసం చేసే ప్రతి ప్రయాణం ఒక రోజు కూలిని పోగొడుతుంది. పైగా రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర అటవీ మార్గం మూతపడుతుంది, ఆలోపే తిరిగి రావాలి.

కనుక అచ్చంపేటలోనే క్రమం తప్పని స్పీచ్ థెరపీ అందించాలని, అంగన్‌వాడీ పరీక్షల్లో మాట ఆలస్యాన్ని నమోదు చేయాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాము. బిడ్డను తిప్పి పంపిన చోట కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలని తల్లిదండ్రులకు విజ్ఞప్తి చేస్తున్నాము.

— సంఘ కార్యవర్గం