ప్రేమకు పర్యాయపదం

మిరపకోతల రోజుల్లో ఒక సాయంత్రం వెల్దుర్తిలో ఓ విశ్వాసి ఇంట కుటుంబ ప్రార్థనకు వెళ్ళాను. ఆ ఇంటి కూతురు రెండేళ్ళ క్రితం తనకు నచ్చిన వేరే కులం అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అప్పటినుంచి తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. వాక్యం చెబుతూ, 'దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడమ్మా' అన్నాను. ఆమె చేతులు జోడించి, 'అయ్యగారూ, ఆ మాట మాత్రం ఎత్తకండి. ఆ ప్రేమే మా కొంప ముంచింది' అంది.

సెమినరీలో గ్రీకు చదివినవాణ్ణి. 'అగాపే' మీద ఎన్నో ప్రసంగాలు చేశాను. నేను అగాపే అనుకుని పలికిన మాట ఆమె చెవికి 'ప్రేమ వ్యవహారం'గా చేరింది. నిఘంటువులో ప్రేమ, ఆపేక్ష, మమకారం, వాత్సల్యం పక్కపక్కనే ఉంటాయి. కానీ ఒకదాని బదులు ఇంకొకటి పెడితే వినేవారి మనసులో అర్థం మారిపోతుంది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్‌లో అడుగుపెట్టాడు. అక్కడ ప్రేమకు 'అయ్' అనే మాట ఉంది. కానీ ఆనాటి బౌద్ధుల వాడుకలో అది మనిషిని బంధించే తృష్ణను, మోహాన్ని సూచించేది. అందుకే ఆనాటి మిషనరీలు దేవుని ప్రేమను చెప్పడానికి 'తాయిసెత్సు' అనే మాటను ఎన్నుకున్నారు. 'ఎంతో విలువైనది, జాగ్రత్తగా చూసుకోవలసినది' అని దాని భావం. కాలం గడిచి 'అయ్' అర్థం మారింది. నేటి జపాను బైబిళ్ళలో ఉన్నది ఆ మాటే.

ఇంగ్లీషులోనూ ఇంతే. మొదటి కొరింథీ 13వ అధ్యాయంలో విలియం టిండేల్ 1526లో 'లవ్' అని రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో అది 'చారిటీ' అయింది. రానురాను చారిటీ అంటే దానధర్మమనే అర్థం స్థిరపడింది. 1881లో సవరించిన కొత్త నిబంధనలో మళ్ళీ 'లవ్' వచ్చింది. స్పానిష్‌వారికి ప్రేమించడానికి 'అమార్' ఉన్నా, ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో ఎక్కువగా 'కెరేర్' వాడతారు. ఆ మాటకు 'కావాలనుకోవడం' అనే అర్థం కూడా ఉంది. మన ఊళ్ళలో అయినవాళ్ళను 'మాకు కావలసినవాళ్ళు' అనడం లేదూ!

జపానువారి 'తాయిసెత్సు'కు తెలుగులో ఏముందా అని ఆలోచించాను. 'అపురూపం' తోచింది. యెషయా 43:4లో దేవుడు తన ప్రజలను అమూల్యంగా ఎంచడం, ప్రేమించడం ఒకే వచనంలో ఉన్నాయి. మరుసటి వారం ఆ తల్లి దగ్గరికి వెళ్ళి, 'అమ్మా, నువ్వంటే దేవుడికి అపురూపం' అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, 'మరి నా బిడ్డో అయ్యగారూ? అదీ అపురూపమేనా?' అని అడిగింది.

'అవునమ్మా' అన్నాను గానీ తలెత్తలేకపోయాను. ఆ అమ్మాయి కాపురం మాచర్లలో. పక్క ఊరే. రెండేళ్ళలో నేను ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. పెళ్ళి కబురు విని సంఘంలో కొందరు పెదవి విరిచినప్పుడు నోరు మెదపలేదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని చెప్పుకునే పల్నాడులో ఉంటూ, క్రీస్తు బల్ల దగ్గర అందరం ఒక్కటేనని ప్రకటిస్తూ, ఇంటి గుమ్మం దగ్గర మాత్రం కులం అడుగుతున్నాం. ప్రేమ అనే మాట పాడైతే సినిమాలను నిందిస్తాం. దాన్ని పాడుచేసినవారిలో మనమూ ఉన్నాం.

లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని ఉపమానం చదవండి. అందులో 'ప్రేమ' అనే మాట ఒక్కసారి కూడా రాదు. తండ్రి దూరాన్నుంచే కొడుకును చూశాడు, కనికరపడ్డాడు, పరుగెత్తాడు, కౌగిలించుకున్నాడు. ఆ పరుగును మించిన పర్యాయపదం ప్రేమకు ఏ భాషలోనూ లేదు.

మొన్న మాచర్ల వెళ్ళి ఆ దంపతులతో కలిసి భోంచేసి, ప్రార్థన చేసి వచ్చాను. తల్లి ఇంకా వెళ్ళలేదు. కానీ, 'బిడ్డ ఎట్లా ఉందయ్యగారూ?' అని అడిగింది. మీ సంఘంలోనూ ఇలా దూరమైన ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం ప్రేమను గూర్చి పాడేలోపే ఆ గడప తొక్కి రండి.